ఆటోనగర్ సీఎన్‌సీ షాపులో అమ్మాయిలను మెషిన్ మీద పెట్టాలంటే ముందు ఏమేం సరిచేసుకోవాలి?

బందరురోడ్డు షాపు:

నమస్కారమండీ. విజయవాడ ఆటోనగర్‌లో మాది జాబ్‌వర్క్ యూనిట్. 8 అంగుళాల చక్ (పీస్‌ని పట్టి తిప్పే భాగం) ఉన్న సీఎన్‌సీ టర్నింగ్ సెంటర్లు, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే లేతులు రెండు, ఒక వీఎంసీ (ప్రోగ్రామ్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్), రెండు మామూలు లేతులు, ఒక రేడియల్ డ్రిల్లింగ్ మెషిన్ ఉన్నాయి. ట్రాక్టర్, లారీ పిన్నులు, బుష్‌లు, హబ్‌లు ఎక్కువగా చేస్తాం. మొత్తం 14 మంది, అందరూ మగవాళ్ళే. అకౌంట్స్ చూసే ఆవిడ పూటకు రెండు గంటలు వచ్చి వెళ్తారు.

ఈ ఏడాది ఇద్దరు అమ్మాయిలను సీఎన్‌సీ ఆపరేటర్లుగా తీసుకుందామని ఉంది. పేరుకు కాదు, నిజంగా మెషిన్ మీదే. నాకు తెలియాల్సినవి ఇవి. బాత్‌రూమ్ ఒక్కటే ఉంది, ఏం చేయాలి? బరువులు ఎత్తే పని ఎలా సర్దాలి? మా షిఫ్టులు 6 నుంచి 2, 2 నుంచి 10. చట్టప్రకారం మా సైజు షాపుకి ఏమేం వర్తిస్తాయి? అసలు ఈ పనికి వచ్చే అమ్మాయిలు ఎక్కడ దొరుకుతారు?

మా ఫోర్‌మన్ మంచివాడే గానీ "ముందు పీసులు కొలిచి చూసే క్యూసీ టేబుల్ దగ్గర కూర్చోబెడదాం సార్, మెషిన్ సంగతి తర్వాత చూద్దాం" అంటున్నాడు. అదీ ఆలోచిస్తున్నాను. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

మైక్రాన్:

మీ ఫోర్‌మన్ మాట దగ్గరే మొదలుపెడతాను. మిగతావన్నీ డబ్బు పెడితే తీరేవి, ఇదొక్కటే తీరదు. క్యూసీ టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం చూడటానికి దయలాగే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఆమెతో పాటు చేరిన కుర్రాడు జా బోరింగ్ (చక్ దవడలను పీస్ సైజుకి కోయడం) చేస్తూ సెట్టర్ (మెషిన్‌ని పనికి సిద్ధం చేసేవాడు) జీతం అడుగుతాడు. ఆమెకు మైక్రోమీటర్ పట్టడం తప్ప కొత్తగా వచ్చిందేమీ ఉండదు. జీతం పెంచేటప్పుడు ఆ తేడా బయటపడుతుంది, ఆమె మానేస్తుంది. "ఆడపిల్లలు నిలవరండీ" అని అప్పుడు మనమే అంటాం.

అందుకని ఏ వారం ఏ పని నేర్పాలో కాగితం మీద రాసి గోడకు అంటించండి. పేర్లు అడ్డంగా, పనులు నిలువుగా. పని వచ్చిందని సెట్టర్ సంతకం, తేదీ. అదే కాగితంలో కుర్రాళ్ళ పేర్లూ ఉండాలి. గడి ఖాళీగా ఉంటే ఎవరు నేర్పలేదో అందరికీ కనిపిస్తుంది.

నేను వేసే వరస ఇది. మొదటి వారం కొలతలు: వెర్నియర్ 0.02, మైక్రోమీటర్ 0.01, బోర్ డయల్, జీరో ఎర్రర్ చూడటం. రెండు, మూడు వారాలు లోడింగ్, సైకిల్ స్టార్ట్, చిప్ తీయడం. చిప్ తీసేది హుక్‌తోనే, చేత్తో కాదు. నాలుగో వారం నుంచి వేర్ ఆఫ్‌సెట్, అంటే టూల్ అరిగిన కొద్దీ కొలత సరిచేసే అంకె. రెండో నెలలో ఇన్సర్ట్ (టూల్ కొసన కోసే ముక్క) మార్చడం, టూల్ టచ్ ఆఫ్ (టూల్‌ని పీస్‌కి ఆనించి దాని స్థానం మెషిన్‌కి చెప్పడం). మూడో నెలలో సాఫ్ట్ జా బోరింగ్, ప్రోగ్రామ్‌లో చిన్న చిన్న మార్పులు, సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో లైనుగా నడిపి) రాపిడ్ (కోత లేనప్పటి వేగం) 25 శాతానికి తగ్గించి మొదటి పీస్ తీయడం. టైము అటూ ఇటూ కావచ్చు, వరస మాత్రం మార్చకండి.

కొత్తవాళ్ళు ఎవరైనా పీస్ పాడు చేసేది ఎక్కువగా వేర్ ఆఫ్‌సెట్ దగ్గరే, అందుకే అక్కడ కాస్త ఆగుతాను. డయా 40.00 రావాలి, 40.06 వచ్చింది. వేర్ పేజీలో ఆ టూల్ X గడిలో ఇప్పటికే -0.12 ఉంది. ఫానక్ కంట్రోలర్‌లో -0.06 కొట్టి 'ప్లస్ ఇన్‌పుట్' నొక్కితే -0.18 అవుతుంది, పీస్ 40.00 వస్తుంది. పొరపాటున ఉత్త 'ఇన్‌పుట్' నొక్కితే పాత విలువ పోయి -0.06 మాత్రమే మిగులుతుంది, తర్వాతి పీస్ 40.12 వస్తుంది. అది చూసి కంగారుపడి మళ్ళీ ఏదో ఒకటి కొడతారు. అక్కడినుంచి గొలుసుకట్టుగా తప్పులే. ఇంకోటి, 0.06 బదులు 0.6 కొట్టడం. అప్పుడు పీస్ నేరుగా తుక్కులోకే. వేర్ ఆఫ్‌సెట్‌లో ఒకసారి ఇంతకు మించి ఎక్కించకుండా హద్దు పెట్టే పారామీటర్ ఉంటుంది, సర్వీస్ ఇంజనీర్ వచ్చినప్పుడు 0.3 దగ్గర పెట్టించండి. మొదటి నెలంతా మార్చే ముందు పాత విలువ, మార్చాక కొత్త విలువ పుస్తకంలో రాయించండి. తప్పు జరిగితే అరవక్కర్లేదు, పుస్తకం చూస్తే ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. అమ్మాయి చేసిన తప్పు షాపంతా పది రోజులు గుర్తుంటుంది, కుర్రాడిది సాయంత్రానికి మర్చిపోతారు. ఆ తేడా లేకుండా చూసేది కూడా ఆ పుస్తకమే.

ఇక బరువులు. 60 మి.మీ. డయా బార్ మీటరు ముక్క 22 కిలోలు. 8 అంగుళాల హైడ్రాలిక్ చక్ 20 కిలోలు దాటుతుంది. ఇవి అమ్మాయికే కాదు, కుర్రాడి నడుముకీ మంచివి కావు. చక్ రోజూ విప్పం కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. అసలు బరువు కనిపించకుండా వస్తుంది. 80 మి.మీ. డయా, 150 పొడవు బ్లాంక్ ఒక్కోటి సుమారు 6 కిలోలు. షిఫ్టుకు 80 పీసులు చేస్తే దాదాపు 480 కిలోలు ఎత్తి పెట్టి, మళ్ళీ దింపాలి. బ్లాంకులు నేల మీద ట్రేలో ఉంటే ప్రతిసారీ వంగాలి. చక్ సెంటర్ ఎత్తుకి దగ్గరగా, అంటే నేల నుంచి మీటరు లోపు, చక్రాల ట్రాలీ చేయించండి. మీ షాపులోనే యాంగిల్‌తో ఒక పూటలో అయిపోతుంది. రెండు టర్నింగ్ సెంటర్ల మధ్య స్తంభానికి 125 కిలోల జిబ్ క్రేన్ (స్తంభం చుట్టూ తిరిగే చెయ్యి), చైన్ బ్లాక్ పెడితే రెండు మెషిన్లకూ అందుతుంది.

జా బోల్టులు: 8 అంగుళాల చక్‌లో ఎం12, టార్క్ సుమారు 100 న్యూటన్ మీటర్లు. 300 మి.మీ. పట్టు ఉన్న కీతో అయితే చివర దాదాపు 34 కిలోల బలం పెట్టాలి, 600 మి.మీ. టార్క్ రెంచ్‌తో 17 చాలు. అమ్మాయిలు జా మార్చలేరు అనే మాటలో ఉన్నదంతా ఆ 300 మి.మీ. తేడాయే. మన కుర్రాళ్ళు అలెన్ కీకి పైపు తొడిగి బిగించి థ్రెడ్ తినేయడం కూడా ఈ రెంచ్‌తోనే ఆగుతుంది.

అయిదడుగుల ఎత్తున్న మనిషికి ప్యానెల్ పై వరస బటన్లు, వీఎంసీ టేబుల్ అవతలి అంచు అందవు. మెషిన్ ముందు 150 మి.మీ. ఎత్తు చెక్క ప్లాట్‌ఫారం వేయండి, పైన చిల్లుల రబ్బరు మ్యాట్. చిన్న పీట మాత్రం వేయొద్దు. మెషిన్ వెడల్పంతా ఒకే ప్లాట్‌ఫారం ఉండాలి, లేకపోతే పక్కకి అడుగేసినప్పుడు కాలు జారుతుంది.

సెట్టర్ అక్క:

పైన చెప్పినవాటికి అదనంగా, షాపులో మగవాళ్ళకు తట్టనివి కొన్ని.

బాత్‌రూమ్ విడిగా కట్టించండి, 4 అడుగులు ఇంటూ 5 అడుగులు చాలు. మగవాళ్ళు టీ తాగే చోటుకి ఎదురుగా తలుపు పెట్టకండి. పని పాడయ్యేది అక్కడే. అందరి కళ్ళ ముందు నుంచి వెళ్ళాలంటే అమ్మాయిలు నీళ్ళు తాగడం మానేస్తారు. మే నెల విజయవాడలో, రేకుల షెడ్డు కింద, ఎనిమిది గంటలు నీళ్ళు తాగకుండా నిలబడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. లోపల గడియ గట్టిగా ఉండాలి, నీళ్ళు, లైటు, బట్టలు తగిలించే కొక్కెం, మూత ఉన్న డబ్బా, పక్కన పాత పేపర్లు ఉండాలి. వాడిన ప్యాడ్ చుట్టి వేయడానికి ఆ పేపర్లు. డబ్బా రోజూ ఖాళీ చేసే మనిషికి ఆ పని మొదటి రోజే చెప్పి, దానికి విడిగా ఎంతో కొంత ఇవ్వండి. తాళంచెవి అమ్మాయిల దగ్గరే ఉండాలి. సూపర్‌వైజర్ని అడిగి తీసుకునే పద్ధతి పెడితే కట్టినా కట్టనట్టే.

బట్టల సంగతి. చున్నీ, వదులు చేతులు, వదులు జడ, గాజులు, ఉంగరాలు, దారాలు ఏవీ తిరిగే చక్ దగ్గరికి రాకూడదు. చేతులు మణికట్టు దగ్గర బిగుతుగా ఉండే కోటు, జడ చుట్టి పైన టోపీ, మెడలో గొలుసు ఉంటే కోటు లోపలికి. చక్ తిరిగేటప్పుడు గ్లౌజులు అసలే వద్దు, గ్లౌజు చిక్కుకుంటే చెయ్యి వెంటే పోతుంది. పెళ్ళయిన అమ్మాయిని మట్టిగాజులు తీయమంటే ఇంట్లో మాట వస్తుంది, అది చిన్న సంగతి కాదు. తాళం ఉన్న లాకర్ ఇవ్వండి, వచ్చినప్పుడు తీసి పెట్టి వెళ్ళేటప్పుడు వేసుకుంటుంది. నియమం గోడ మీద రాసేటప్పుడు మగవాళ్ళ కడియాలు, చేతి తాళ్ళు, ఉంగరాలు కూడా రాయండి. మొదట మీ ఫోర్‌మన్ చేతి తాయెత్తు తీయిస్తే మిగతావాళ్ళు మాట్లాడరు.

సేఫ్టీ బూట్లు 4, 5 నంబర్లు మామూలు షాపుల్లో నిలవ ఉండవు, ముందే చెప్పి తెప్పించాలి. 7 నంబరు బూటులో గుడ్డలు కుక్కి ఇవ్వకండి.

కోతకు పోసే కూలెంట్ గాఢత 5 నుంచి 8 శాతం మధ్య ఉందో లేదో రిఫ్రాక్టోమీటర్‌తో (గాఢత చూపే చిన్న పరికరం) వారానికి రెండుసార్లు చూడండి. కళ్ళతో చూసి పోస్తే ఎండాకాలం నీరు ఆవిరై చిక్కబడుతుంది, చేతులు పగిలి దురదలు వస్తాయి. చేతులు కడగడానికి సబ్బు పెట్టండి, కిరోసిన్ కాదు.

వాట్సాప్ గ్రూపు. షాపు గ్రూపులో డ్రాయింగులు, డిస్పాచ్ తప్ప ఇంకేమీ రాకూడదు. వీడియోలు పంచుకోవాలనుకుంటే మగవాళ్ళు వేరే గ్రూపు పెట్టుకుంటారు, అది వాళ్ళిష్టం. అమ్మాయిల నంబర్లకు పని మీద ఫోన్ చేసేది ఒక్క మనిషి, అదీ పని వేళల్లో. షాపులో బూతు మాట సంగతి కూడా వాళ్ళు చేరకముందే, వాళ్ళు లేనప్పుడే, మీరే నోటితో చెప్పండి. చేరాక వాళ్ళ ముందు చెబితే "వీళ్ళ వల్లే మనకు తిట్లు" అన్న కోపం వాళ్ళ మీదకే పోతుంది.

ఇద్దరినీ ఒకేసారి తీసుకోండి, ఒక షిఫ్టులోనే పెట్టండి. ఎ. లలిత గారి కథ తెలిసే ఉంటుంది. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు, తెలుగావిడ, 18 ఏళ్ళకే భర్త పోయి చంటిబిడ్డతో మిగిలి, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివారు. ఆ తర్వాత లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్ బ్రాంచిలో చేరి తోడయ్యారు. 1940లలోనే అంత పెద్ద కాలేజీకి అవసరమైన తోడు 14 మంది షాపుకీ అవసరమే.

రికార్డు పుస్తకం:

చట్టం వైపు నేను చెప్తాను, మీ 14 మంది లెక్కకే కట్టుబడి.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రతా కోడ్ 10 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు వర్తిస్తుంది, కాబట్టి మీకూ. దాని 43వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళు అన్ని రకాల సంస్థల్లో అన్ని రకాల పనులూ చేయొచ్చు. ఉదయం 6కి ముందు, సాయంత్రం 7 తర్వాత పని చేయించాలంటే ఆమె అంగీకారం ఉండాలి, భద్రత, సెలవులు, పనిగంటల షరతులు పాటించాలి. అంగీకారం రాతపూర్వకంగా తీసుకుని ఫైల్లో పెట్టండి. మీ 2 నుంచి 10 షిఫ్టులో చివరి మూడు గంటలు ఇందులోకే వస్తాయి.

ఒకే పనికి మగ, ఆడ తేడాతో జీతం తగ్గించకూడదు. ఇది 1976 నుంచీ ఉన్నదే, ఇప్పుడు వేతనాల కోడ్‌లో ఉంది.

ప్రసూతి ఖర్చు గురించి చిన్న యజమానులు భయపడేది చాలామటుకు తెలియకే. మీకు 14 మంది ఉన్నారు కాబట్టి ఇఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉండాలి. నెల జీతం 21,000 వరకు ఉన్నవాళ్ళు అందులోకి వస్తారు, మీ వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ఇఎస్ఐలో ఉన్న అమ్మాయికి 26 వారాల ప్రసూతి సెలవు డబ్బు ఇచ్చేది ఇఎస్ఐ, మీరు కాదు. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలు. కాకపోతే అంతకు ముందు రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో 70 రోజులకు చందా కట్టి ఉండాలి. పీరియడ్లు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. అందుకే "మూడు నెలలు చూసి తర్వాత ఇఎస్ఐలో ఎక్కిద్దాం" అనకండి, చేరిన రోజే ఎక్కించండి. ఆలస్యం చేస్తే రోజులు తగ్గేది ఆమెకి, ఇబ్బంది మీకు. ఆ 26 వారాలు మనిషి లేకుండా నడపడం మాత్రం మీ బాధ్యతే, అది ఇఎస్ఐ తీర్చదు.

లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013: 10 మంది, ఆపైన ఉంటే అంతర్గత కమిటీ తప్పనిసరి. కమిటీ వేయకపోతే 50,000 వరకు జరిమానా. అధ్యక్షురాలిగా సీనియర్ మహిళా ఉద్యోగి ఉండాలి. మీ దగ్గర అలాంటివారు లేరు కాబట్టి మీకే ఇంకో ఆఫీసు ఉంటే అక్కడినుంచి, లేకపోతే వేరే సంస్థ నుంచి నియమించుకోవచ్చని 4వ సెక్షనే చెబుతోంది. ఉద్యోగుల్లోంచి కనీసం ఇద్దరు, బయటి సభ్యులు ఒకరు: స్వచ్ఛంద సంస్థ నుంచి గానీ, ఈ విషయాలు తెలిసినవారు గానీ. మొత్తంలో సగానికి తగ్గకుండా ఆడవాళ్ళు ఉండాలి. పదవీకాలం మూడేళ్ళ లోపు. మీకు సరిపోయేది ఇలా: పక్క యూనిట్లోని సీనియర్ మహిళా మేనేజర్ అధ్యక్షురాలు, మీ అకౌంట్స్ ఆవిడ, ఒక సెట్టర్, బయటినుంచి ఒక మహిళా న్యాయవాది. ఫోర్‌మన్‌ని పెట్టకండి, ఫిర్యాదు ఆయన మీదే వచ్చిన రోజు కమిటీ ఉండీ ఉపయోగం ఉండదు.

ఫిర్యాదు ఘటన జరిగిన మూడు నెలల లోపు, రాతపూర్వకంగా. కారణం ఉంటే ఇంకో మూడు నెలలు కమిటీ పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తి చేయాలి. రాజీ అనేది ఆమె అడిగితేనే, ఆ రాజీకి డబ్బు ఆధారం కాకూడదు. "ఏదో ఇచ్చి సర్దేద్దాం" అన్న ఆటోనగర్ పద్ధతి ఇక్కడ పనికిరాదు. కమిటీ సభ్యుల పేర్లు, నియమించిన ఉత్తర్వు, చదవలేనంత చిన్న అక్షరాల్లో కాకుండా, లాకర్ల దగ్గర అంటించండి.

పాతలేతు:

చెప్పేవన్నీ బానే ఉన్నాయి గానీ బాత్‌రూమ్, క్రేను, కమిటీ, లాకర్లు, ఇన్ని పెట్టి రెండేళ్ళు నేర్పాక పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే? చిన్న షాపు తట్టుకుంటుందా?

మైక్రాన్:

అన్నా, కుర్రాళ్ళు రెండేళ్ళు ఉంటున్నారా? వేర్ ఆఫ్‌సెట్ వచ్చిన మర్నాడే హైదరాబాద్ బాలానగర్ అనో చెన్నై అంబత్తూరు అనో గల్ఫ్ అనో బ్యాగు సర్దుతున్నారు. వాళ్ళకు నేర్పడం మనం ఎప్పుడైనా మానామా. ట్రాలీ, జిబ్ క్రేన్, టార్క్ రెంచ్ ఎవరు వెళ్ళినా షాపులోనే ఉంటాయి. అమ్మాయిల పేరున అదనంగా పడేది బాత్‌రూమ్, రెండు లాకర్లు. కమిటీ షాపులో 10 మంది ఉంటే ఎటూ ఉండాల్సిందే.

పెళ్ళి తర్వాత వెళ్ళేవాళ్ళు వెళ్తారు. పటమటలోనో కానూరులోనో కాపురం పెట్టేవాళ్ళు ఉంటారు, షిఫ్టు టైము కుదిరితే ఉండిపోతారు. అడిగి చూడకుండా ముందే లెక్క కట్టడం ఎందుకు.

నల్లపాడు మాస్టారు:

దొరకడం గురించి. ఐటీఐలో టర్నర్, మెషినిస్ట్, ఫిట్టర్ ట్రేడుల్లో అమ్మాయిలు తక్కువ. వాళ్ళు ఎక్కువగా కోపా (కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్), ఎలక్ట్రానిక్స్ మెకానిక్, డ్రాఫ్ట్స్‌మన్ వైపు పోతారు. కాబట్టి టర్నర్ ట్రేడ్ పాసైన అమ్మాయే కావాలని పట్టుబడితే మీకు దొరకడం కష్టం. సీఎన్‌సీ ఆపరేటర్‌కి డ్రాయింగ్ చదవడం, దశాంశ లెక్కలు, కొలతలు వస్తే చాలు. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ చేసిన అమ్మాయి కంట్రోల్ ప్యానెల్‌కి తొందరగా అలవాటు పడుతుంది. డిప్లొమాలో మెకానికల్ అమ్మాయిలు తరగతికి కొద్దిమందే అయినా ఉంటారు. గుంటూరు నల్లపాడులోని ఎంబీటీఎస్ పాలిటెక్నిక్, విజయవాడ ప్రభుత్వ పాలిటెక్నిక్, ఐటీఐ ప్లేస్‌మెంట్ ఆఫీసర్లను నేరుగా కలవండి. "హెల్పర్లు కావాలి" అని రాయకండి. "సీఎన్‌సీ టర్నింగ్ ఆపరేటర్ ట్రైనీ, ఫానక్, పగటి షిఫ్టు, ఇఎస్ఐ, పీఎఫ్, అమ్మాయిలకు విడి బాత్‌రూమ్" అని అక్షరాలా రాసి ఇవ్వండి. నోటీసు బోర్డులో ఆ చివరి ముక్క చదివే అమ్మాయి దరఖాస్తు పెడుతుంది.

డిప్లొమా వాళ్ళకు ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది. ఇద్దరు అమ్మాయిలను ఆ ఆరు నెలలకు తీసుకోండి, మైక్రాన్ గారు చెప్పిన మూడు నెలల వరస అందులో పూర్తవుతుంది. నచ్చితే ఉంచుకోండి, వాళ్ళకు నచ్చితే ఉంటారు.

అప్రెంటిస్ దారి కూడా ఉంది. 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థకి అప్రెంటిస్‌లు తప్పనిసరి, 4 నుంచి 29 వరకు ఐచ్ఛికం. మొత్తం సిబ్బందిలో 15 శాతానికి మించకూడదు, అంటే మీ 14 మందికి సరిగ్గా ఇద్దరు. ఎన్ఏపీఎస్ (కేంద్ర అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం) కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా కేంద్రం ఇస్తుంది. డిప్లొమా వాళ్ళను నాట్స్ (డిప్లొమా, డిగ్రీ వాళ్ళ అప్రెంటిస్ పథకం) కింద పెడితే కనీస స్టైపెండ్‌లో సగం వస్తుంది. ఒప్పందం పోర్టల్లో నమోదు కాకుండా "అప్రెంటిస్" అని పెట్టి తక్కువ ఇవ్వడం మాత్రం చెల్లదు, వాళ్ళు మామూలు ఉద్యోగుల కిందే లెక్క.

చదువుతున్న అమ్మాయిలు ఈ మాటలు చూస్తే: ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షలు మించకూడదు, ఇంటికి ఇద్దరు అమ్మాయిల వరకు, డిప్లొమా గానీ డిగ్రీ గానీ మొదటి ఏడాదిలో, లేదా లేటరల్‌గా రెండో ఏడాదిలో చేరినప్పుడు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో పెట్టుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోండి, మీసేవ చుట్టూ తిరిగేసరికి గడువు అయిపోతుంది. బ్యాంకు ఖాతా ఆధార్‌తో జతపడిందో లేదో కూడా చూసుకోండి. మంజూరైన డబ్బు అక్కడ ఆగిపోతుంది.

ఒక మాట తల్లిదండ్రుల గురించి. అమ్మాయి ఒప్పుకున్నా ఇంట్లో "వర్క్‌షాపులో ఆడపిల్లేంటి" అంటారు. వాళ్ళు అనుకునే వర్క్‌షాపు నూనె మరకల రోడ్డు పక్క షెడ్డు. చేరే ముందు తల్లినీ అన్ననో నాన్ననో పని జరిగే రోజు పిలిచి మెషిన్, బాత్‌రూమ్, వేళలు చూపించండి. జీతం అమ్మాయి ఖాతాలోనే పడుతుందని ఆమె ముందే చెప్పండి. నియామక పత్రంలో పోస్టు పేరు రాసి ఇవ్వండి, సంబంధాలు చూసేటప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

బందరురోడ్డు షాపు:

అందరికీ చాలా థాంక్సండీ. బాత్‌రూమ్ వెనక గోడ వైపు మొదలుపెడుతున్నాను. రెండు అనుమానాలు మిగిలాయి. మొదటిది షిఫ్టు. 6 గంటల షిఫ్టుకి రావాలంటే ఉయ్యూరు, కంకిపాడు వైపు వాళ్ళు తెల్లవారుజామున బస్సెక్కాలి. 10 గంటలకు వదిలితే అంతకన్నా కష్టం. రెండోది వీఎంసీ. పీస్‌ని బిగించే 6 అంగుళాల వైస్ 30 కిలోలు పైనే ఉంది, అప్పుడప్పుడు తీసి ఫిక్చర్ (ఒక పీస్ కోసమే చేసిన పట్టు) పెట్టాలి.

సెట్టర్ అక్క:

షిఫ్టు జరపండి తమ్ముడూ. ఒక టర్నింగ్ సెంటర్‌ని 8 నుంచి 4.30కి, మళ్ళీ 4.30 నుంచి రాత్రి 12.30కి నడపండి. భోజనం అరగంట పోను మెషిన్ గంటలు ఏమీ తగ్గవు. రెండో పూట బండి ఉన్న మగవాళ్ళను పెట్టుకోండి. రెండో టర్నింగ్ సెంటర్, వీఎంసీ మీ పాత టైములోనే ఉండనివ్వండి. డిసెంబరులో అయిదున్నర దాటితే చీకటే, 4.30కి వదిలితే వెలుతురులోనే బస్సెక్కుతారు.

బస్సు ఖర్చు భయం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్ళకు ఉచితం, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొడతారు. కష్టమంతా బస్సు దిగాక. బందరు రోడ్డు నుంచి లోపలి వీధుల్లోకి నడక, లారీలు అడ్డదిడ్డంగా ఆగి ఉంటాయి. మీ వీధి మలుపులో లైటు లేకపోతే మీ గోడకు ఒకటి పెట్టించండి. పని ఎక్కువై ఎప్పుడైనా 7 దాటాల్సి వస్తే రాతపూర్వక అంగీకారంతో పాటు ఇంటిదాకా ఆటో మీరే పెట్టాలి, ఇద్దరినీ కలిపి పంపాలి. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టిన రోజు ఓవర్‌టైమ్ అడగొద్దు.

మైక్రాన్:

వైస్‌కి పక్కల ఐబోల్ట్ థ్రెడ్ ఉందేమో చూడండి, లేకపోతే రెండు నైలాన్ స్లింగులు జా కింద నుంచి వేసి జిబ్ హుక్‌కి తగిలించండి. జిబ్ చెయ్యి వీఎంసీ తలుపు లోపలికి వచ్చేలా పొడవు కొలిచి ఆర్డర్ ఇవ్వాలి, చాలామంది ఇది మర్చిపోయి చెయ్యి తలుపు దాకానే పెట్టిస్తారు. వైస్ అడుగున టేబుల్ టీ స్లాట్‌కి సరిపడే కీలు బిగిస్తే తీసి పెట్టిన ప్రతిసారీ డయల్ కొట్టే (సూటిగా ఉందో చూసే) పని చాలావరకు తగ్గుతుంది, లీవర్ డయల్‌తో 100 మి.మీ.కి 0.01 లోపు ఉందో చూసుకుంటే చాలు. వారంలో రెండుసార్లకు మించి మారుస్తుంటే ఫిక్చర్‌ని వైస్ పక్కనే టేబుల్ మీద శాశ్వతంగా బిగించి, వైస్‌కి జీ54, ఫిక్చర్‌కి జీ55 (ప్రోగ్రామ్ ఎక్కడినుంచి కొలవాలో చెప్పే సున్నా స్థానాలు) పెట్టుకోండి. అప్పుడు ఎత్తే పనే ఉండదు. కాకపోతే ప్రోగ్రామ్ మొదట్లో ఏ ఆఫ్‌సెట్ ఉందో చూడకుండా సైకిల్ స్టార్ట్ నొక్కితే టూల్ వైస్‌లో దిగుతుంది, అందుకని రెండు ప్రోగ్రాముల నంబర్లు వేరు వేరు రంగు పెన్నుతో ప్యానెల్ మీద రాసి పెట్టండి.